సస్పెన్షన్ ఎత్తివేత

పాదాలు మళ్ళీ వచ్చాయి. పికప్ ట్రక్కు కింద వెల్లకిలా పడుకున్న పెద్దల్లుడికి ఈ మధ్యాహ్నం లోకమంతా రెండు ముక్కలే, ముక్కుకు జానెడు పైన మట్టీ నూనే కలిసి పెచ్చులు కట్టిన ఇనుము ఒకటి, ఎడమకు తల తిప్పితే తోడల్లుడి పాదాలు ఇంకొకటి. ఆ పాదాలకు పాత తోలు చెప్పులు, కుడి చెప్పు పట్టీ ఊడితే ఎవరో ఎర్రదారంతో కుట్టారు, ఎవరో ఏమిటి, ఆ మనిషే కుట్టుకుని ఉంటాడు, ఎరుపు తప్ప ఇంకో రంగు ఎరిగితేగా, బతుకంతా ఎర్రసిరా పెన్ను పట్టుకుని పక్కవాళ్ళ తప్పులు దిద్దిన మనిషి. ప్రెస్సులో ప్రూఫులు దిద్దితే జీతమిస్తారు, సరే, ఇంట్లో దిద్దితే, వీధిలో బోర్డులు దిద్దితే, చావు కబురు మోసుకొచ్చిన ఉత్తరంలో కూడా దీర్ఘం తప్పిందని దిద్దితే ఎవరేమిస్తారు? పాదాలు ముందు చక్రం ఉండాల్సిన చోట ఆగాయి. చక్రం విప్పేసి గోడకు ఆనించి ఉంది. పాదాలు ఒకసారి మునివేళ్ళ మీద లేచి దిగాయి. నోట్లో మాట ఏదో ఉన్నప్పుడు ఈయన ఇలాగే లేచి దిగుతాడు, ఎనిమిది నెలల కిందటైతే పెద్దల్లుడు "ఏంటన్నయ్యా?" అని అడిగి ఉండేవాడు. ఇప్పుడు అడగడు. చచ్చినా అడగడు. పాదాలు కాసేపు చూసి, వచ్చిన దారినే వెళ్ళి, స్టూలు కాళ్ళ పక్కన సర్దుకున్నాయి.

ఇదంతా అక్కాచెల్లెళ్ళు కలిసి పన్నిన కుట్ర. ఆ ఇద్దరిదీ పరుపుల దుకాణం, ఈ ట్రక్కు దుకాణానిది, ఇవాళ దీన్ని ముందువైపు రెండంగుళాలు, వెనకవైపు ఒక్క అంగుళం పైకి లేపి ముక్కూ తోకా ఒకే మట్టానికి తేవాలి. తయారుచేసినవాళ్ళే దీన్ని ముక్కు కిందికీ వీపు పైకీ పెట్టి తయారుచేశారు, వెనక బరువు పడితే సమానమవుతుందని వాళ్ళ లెక్క, కానీ స్పాంజి పరుపులకు బరువేముంటుంది, ఇరవై పేర్చినా బండికి చీమ కుట్టినట్టయినా ఉండదు, అదలాగే నేలను వాసన చూసుకుంటూ పోతుంది. గుట్ట మీది హాస్టలుకు వెళ్ళే రాళ్ళదారిలో రెండుసార్లు గడ్డం కొట్టుకుంది, రెండోసారి బంపరు సగం ఊడి వేలాడితే మరదలు పరుపులు కట్టే తాడుతోనే దాన్నీ కట్టి ఇంటికి తోలుకొచ్చింది. రేపు పొద్దున్న ఏడింటికి అదే హాస్టలుకు నలభై రెండు పరుపులు చేరాలి. మెకానిక్ వారం దాకా ఖాళీ లేదన్నాడు, జాకీ, స్టాండ్లు, పానాల పెట్టె మాత్రం ఇచ్చి పంపాడు. "మీరిద్దరూ ఉన్నారుగా," అంది భార్య పొద్దున్న ఈ షెడ్డు తాళం తీస్తూ. "చెక్కని వెంట్రుకవాసి తేడా లేకుండా కోసే మనిషి ఒకరు, కాగితం మీద చుక్క వదలకుండా చదివే మనిషి ఒకరు. ఆయన చదువుతాడు, మీరు బిగించండి. నాలుగింటికి వస్తాం. ఇది కూడా కలిసి చేయలేకపోతే ఇక మిమ్మల్ని ఒకచోట కూర్చోబెట్టే పని నేను పెట్టుకోను. ఎవరి గుమ్మం వాళ్ళది." ఆమె అన్నదంటే అన్నట్టే. ఎనిమిది నెలల్లో ఏడుసార్లు ప్రయత్నించింది, ఇది ఎనిమిదోది, ఆఖరిది. ఆ మాట విన్నప్పుడు పెద్దల్లుడి చేతిలోంచి పానా జారిపడింది, అది భయమని ఒప్పుకోవడానికి ఇష్టంలేక, పొద్దున్న ఏమీ తినకపోవడం వల్లనేమో అనుకున్నాడు. తిన్నాడు, మూడుసార్లు వడ్డించుకుని మరీ తిన్నాడు.

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా వెనకవైపు పని ఇద్దరూ మూగనోముతో ముగించారు. వెనక కమాను పట్టీల కింద ఇనుప దిమ్మ పెట్టి బోల్టులు బిగించాలి, ఒక పక్క అతను, ఒక పక్క ఆయన, మధ్యలో ట్రక్కు అడ్డం, అంతా సుఖంగా జరిగిపోయింది, మాట అవసరమైన చోట ఇద్దరూ ట్రక్కుతో మాట్లాడారు. "పదిహేడు నంబరు పానా ఎక్కడ చచ్చిందో," అని పెద్దల్లుడు చక్రంతో అన్నాడు. కాసేపటికి పానా నేల మీద జారుకుంటూ వచ్చింది. "జాకీ కాస్త పైకి లేస్తే బాగుండు," అని ఆయన గోడ గడియారానికి విన్నవించుకున్నాడు. జాకీ లేచింది. నువ్వు అనకుండా, మీరు అనకుండా, ఎవరినీ ఉద్దేశించకుండా ఒక పూటంతా గడపవచ్చని పెద్దల్లుడికి ఈ ఎనిమిది నెలల్లోనే తెలిసింది, బాగుండు, కావాలి, ఉంటే మంచిది, ఎవరైనా ఇస్తే బాగు, ఈ నాలుగు మాటలతో సంసారమే నెట్టుకురావచ్చు. కానీ ముందువైపు అలా కుదరదు. ముందు షాకబ్జరూ దానికి చుట్టుకున్న స్ప్రింగూ కలిపి నిలువునా ఊడదీసి, దాని నెత్తిన బిళ్ళ బిగించి, మళ్ళీ కిందినుంచి పైకి గుచ్చాలి, కింద ఒకడు ఎత్తి పట్టుకోవాలి, బానెట్ తెరిచి పైన ఒకడు నట్లు తిప్పాలి. అక్కాచెల్లెళ్ళకు ఇది ముందే తెలుసా? తెలిసే ఉంటుంది, మెకానిక్‌ను అడిగి ఉంటారు, ఇద్దరు పట్టాల్సిన పని ఏదైనా ఉందా బాబూ అని.

అసలు ఒకరినొకరు ఏమని పిలుచుకోవాలన్నదే మొదటినుంచీ చిక్కు. అక్క మొగుడు కాబట్టి వరసకు ఇతను పెద్ద, వయసుకు ఆయన నాలుగేళ్ళు పెద్ద. మొదటిసారి కలిసినప్పుడు ఇద్దరూ ఒకేసారి చేతులు జోడించి "నమస్కారం అన్నయ్యా" అన్నారు. అయ్యో, మీరు నన్ను అన్నయ్యా అనడమేంటన్నయ్యా. వరసకు మీరే కదన్నయ్యా. వయసుకు మీరే కదన్నయ్యా. పావుగంట అదే నడిచింది, ఆఖరికి మామగారు విసిగిపోయి "ఇద్దరూ అన్నయ్యలే అయితే మరి తమ్ముణ్ణి నేనా?" అన్నాడు, అంతే, ఇద్దరూ పగలబడి నవ్వారు, పెద్దాయన ముందు నవ్వకూడదని ఆపుకుంటే ముక్కులోంచి వచ్చింది నవ్వు, ఆ రోజునుంచి పదకొండేళ్ళు ఇద్దరూ ఒకరికొకరు అన్నయ్యలే, తమ్ముడు లేని అన్నయ్యలు. మామగారి ఆపరేషన్ నాడు ఆసుపత్రి వరండాలో అందరూ బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే, ఈయన గోడ మీది బోర్డు చూపించి "అన్నయ్యా, అది చదవండి" అన్నాడు, 'ఇచ్చట ఉమ్మి వేయువారికి సహకరించండి' అని ఉంది, ఎవరో 'వేయరాదు' అన్న మాటను చెరిపి ఏదో రాసి ఏదో చేశారు, నర్సు వచ్చి ఇద్దర్నీ బయటికి పంపేదాకా నవ్వారు. లోపల మామగారికి కుట్లు వేస్తున్నారు, బయట వీళ్ళకు పొట్టలు నొప్పులు. భార్య వారం రోజులు మాట్లాడలేదు. అదేం పెద్ద విషయమా, ఎనిమిది నెలలు మాట్లాడకపోవడమంటే ఏమిటో అప్పటికి ఇంట్లో ఎవరికీ తెలియదు.

"సస్పెన్షన్ ఎత్తివేత సామగ్రి," అని స్టూలు దగ్గరినుంచి గొంతు లేచింది. "రెండవ పుట." మొదలైంది. పెట్టెలో వచ్చిన కాగితం పన్నెండు భాషల్లో ఉంది, అందులో తెలుగు కూడా ఒకటి, అయితే దాన్ని తెలుగులోకి దించింది మనిషో యంత్రమో దేవుడికెరుక. బండిని మోసే స్ప్రింగుల ఎత్తు పెంచడమని చెప్పబోయారు, కానీ సస్పెన్షన్ ఎత్తివేత అంటే ఆఫీసులో లంచం తిని దొరికిన గుమాస్తాను మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకోవడం కదా, ఈ ట్రక్కు ఏం తిని దొరికిందో? చిన్నల్లుడు ప్రెస్సులో చదివినట్టే చదువుతున్నాడు, ఎదురుగా కాపీ పట్టుకున్న మనిషి ఉన్నట్టు, చుక్కలూ గీతలూ సహా. "పిడుగును చేతితో మాత్రమే బిగించుము ఫుల్‌స్టాప్. పిదప కాయను త్రిప్పుము ఫుల్‌స్టాప్. దిగ్భ్రాంతి పీల్చు గొట్టమును కామా, దాని భుజమునుండి కామా, మెల్లగా వేరుచేయుము." పిడుగంటే బోల్టు. కాయంటే నట్టు. దిగ్భ్రాంతి పీల్చు గొట్టం అంటే, ఆహా, షాకబ్జర్. ట్రక్కు కింద పెద్దల్లుడి పొట్ట కదిలింది. నవ్వకూడదు. నవ్వితే అయిపోయినట్టే. పళ్ళు బిగపట్టి ఇంజిను వంక కోపంగా చూశాడు, కన్నీళ్ళు జారి చెవుల్లోకి పోయాయి. అక్కడ పెన్ను కరకరమంటోంది, చదువుతూనే దిద్దుతున్నాడు మహానుభావుడు, ఎవరికి పంపుతాడు ఆ దిద్దిన కాగితం? ఎవరో వెయ్యి కోసుల అవతల పెట్టె కట్టిన మనిషికి?

దిద్దుడే. ఆ దిద్దుడే కదా ఇంత చేసింది. చిన్నల్లుడు ఇల్లు కట్టించుకున్నప్పుడు హాలులో పుస్తకాలకు గోడంతా పరుచుకునే అలమర పెద్దల్లుడే చేశాడు, అక్కడే మకాం పెట్టి నెలన్నర చేశాడు, మూలలు కలిసిన చోట గోరు కూడా దూరదు. చుట్టాలంతా వచ్చిన రోజు, అందరూ అలమర ముందు నిలబడి అబ్బ, అబ్బ అంటుంటే, ఈ మనిషి ఎక్కడినుంచో రసమట్టం తెచ్చి, మేస్త్రీలు గోడ చూసుకునే ఆ గాజు గొట్టం చట్రం తెచ్చి, అలమర నడిమి అర మీద పెట్టాడు. అందరూ వంగి చూశారు. గొట్టంలో గాలిబుడగ మధ్యగీతకు కొంచెం, ఇంత కొంచెం, ఇవతలికి నిలిచింది. "కాస్త వాలినట్టుందన్నయ్యా," అన్నాడు ప్రేమగానే, తప్పు దొరికితే ఆయనకు వచ్చే ఆ సంబరంతో. ఎవరో చుట్టం కిసుక్కున నవ్వాడు. పెద్దల్లుడి చెవులు కాలాయి. "నా పనిని కొలిచే లెవెల్ నీకెక్కడిది?" అన్నాడు. పదకొండేళ్ళలో మొదటిసారి నువ్వు అన్నాడు, అదీ నలుగురిలో. ఆయన రసమట్టం తీసి జేబులో పెట్టుకున్నాడు, పట్టలేదు, సగం బయటికే ఉండిపోయింది, అలాగే వెళ్ళి వంటింట్లో కూర్చున్నాడు. అంతే. అరుపుల్లేవు, కొట్లాట లేదు, ఇద్దరి మధ్య మాట ఆగిపోయింది.

ఎవరితోనూ అనని సంగతి ఒకటుంది, అది ఇలా ఇనుము కింద ఒంటరిగా పడుకున్నప్పుడే పైకి తేలుతుంది. అలమర వాలింది. నిజంగానే వాలింది. ఆ గోడే వంకర, గోడకు ఒదిగేలా చేస్తే అర వాలుతుంది, అర సమంగా పెడితే గోడకూ చెక్కకూ మధ్య సందు కనిపిస్తుంది, సందు కనిపించడం కన్నా వాలడమే నయమని ఇతనే ఒక రాత్రంతా ఆలోచించి నిర్ణయించాడు. ఎవరూ కనిపెట్టరనుకున్నాడు. ఒక్క మనిషి కనిపెడతాడని తెలుసు, తెలిసే చేశాడు, ఆ మనిషి కనిపెట్టినా తనతో చాటుగా అంటాడనుకున్నాడు, అంటే ఇద్దరూ కలిసి ఆ గోడ కట్టిన మేస్త్రీని తిట్టుకుని నవ్వుకునేవాళ్ళు. ఇదీ అసలు బాధ. తప్పు పట్టినందుకు కాదు, తనను పక్కకు పిలవనందుకు. ఆదివారాలు ఆయన చెక్కల దుకాణానికి వచ్చేవాడు, చిత్రికపట్టిన పొట్టు మీద కాళ్ళు చాపుకుని స్టూలు మీద కూర్చుని పేపరు చదివేవాడు, కామాలతో సహా, మంత్రిగారు కామా మాట్లాడుతూ కామా, తప్పులు దొరికిన కొద్దీ గట్టిగా చదివేవాడు. ఇప్పుడా స్టూలు మీద జిగురు డబ్బా పెట్టాడు పెద్దల్లుడు. జిగురు డబ్బా పేపరు చదవదు. ఆదివారాలు ఎంత పొడుగ్గా ఉంటాయో, పొద్దున్న పది ఎప్పటికీ పదకొండు కాదు. ఆ మనిషి లేక తోచడం లేదు, అదీ సంగతి, ఇంతకుమించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

నుదుటి మీద నూనె చుక్క పడింది. చాలు, పని. షాకబ్జరు ఊడి వచ్చింది, పసిబిడ్డంత బరువుంది, దాన్ని ఒళ్ళో పెట్టుకుని పెద్దల్లుడు డబ్బాలో చెయ్యి పెట్టి బిళ్ళలు తీశాడు. రెండున్నాయి. అరచేయంత నల్లటి ఇనుప బిళ్ళలు, ఒక్కోదానికి మూడు రంధ్రాలు, పైకి పొడుచుకున్న మూడు మరలు. అలవాటుగా చొక్కా జేబులోంచి టేపు తీసి కొలిచాడు, ఒక్కోటి మందం సరిగ్గా అంగుళం. డబ్బా మీదేమో రెండంగుళాల లిఫ్ట్ అని ఇంతేసి అక్షరాలతో ఉంది. ఒకటీ ఒకటీ రెండు. చెక్కపనివాడికి ఇంతకన్నా సులువైన లెక్క ఉండదు, ఈ వైపుకు రెండు, అవతలి వైపుకు రెండు ఇంకో డబ్బాలో ఉంటాయి, వెనక దిమ్మలు కూడా వేరే డబ్బాలోనే వచ్చాయి కదా. ఒకదాని నెత్తిన ఒకటి పేర్చి చూశాడు, రంధ్రాల్లో మరలు చక్కగా కూర్చున్నాయి, వేటికోసం పుట్టాయో వాటి దగ్గరికే చేరినట్టు.

సరిగ్గా అప్పుడే స్టూలు దగ్గర గొంతు లేచింది, మామూలుకన్నా గట్టిగా. "బిళ్ళను పక్షమునకు ఒకటి చొప్పున వేయవలెను ఫుల్‌స్టాప్."

పక్షమునకు ఒకటి. పక్షమంటే పదిహేను రోజులు. పదిహేను రోజులకోసారి ఏం వేయాలి? బిళ్ళ? బండికి మందుబిళ్ళలు కూడానా? పెద్దల్లుడు బిళ్ళలు పట్టుకుని ఆలోచించాడు. గ్రీజు అయి ఉంటుంది, పదిహేను రోజులకోసారి గ్రీజు వేసుకోమని చెబుతున్నారు, నట్టును కాయ అన్నవాళ్ళు గ్రీజును బిళ్ళ అనరని ఏముంది, పిడుగే ఉండగా. "బిళ్ళను," అంది గొంతు మళ్ళీ, "పక్షమునకు, ఒకటి చొప్పున." పాదాలు లేచి వచ్చాయి. మునివేళ్ళ మీద లేచి దిగాయి. చూడు, చూడు, రెట్టించి చదవడం, చెవిటివాడికి చెప్పినట్టు, రసమట్టం మళ్ళీ తెచ్చి పెట్టినట్టే ఉంది ఇది కూడా, ఇక్కడ నలుగురూ లేరు కాబట్టి గోడకు చెబుతున్నాడు. చదువుకో, ఎన్నిసార్లయినా చదువుకో. పెద్దల్లుడు పానా అందుకుని రెండు బిళ్ళలూ కలిపి గట్టిగా బిగించాడు. మూడోసారి కూడా చదివాడాయన, ఈసారి నెమ్మదిగా, చివరన ఫుల్‌స్టాప్ చెప్పకుండా.

ఇక పైకి గుచ్చాలి. పెద్దల్లుడు రెండు చేతులా షాకబ్జరు ఎత్తి, పైన రేకులో ఉన్న మూడు రంధ్రాల్లోకి మూడు మరలూ పోనివ్వాలి, రెండు దూరితే మూడోది తప్పించుకుంటోంది. పైన బానెట్ కింద చిన్నల్లుడు నిలబడ్డాడు, నట్లు పట్టుకుని. రంధ్రంలోంచి వెలుతురు పడుతోంది. వెలుతురు ఆగింది. రంధ్రంలో కన్ను. ఒకే ఒక్క కన్ను, కళ్ళద్దం వెనక ఇంత పెద్దది, అటూ ఇటూ వెతికి చివరికి కిందున్న కంటికి తగిలి ఆగింది. ఎనిమిది నెలల్లో ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం ఇదే మొదటిసారి, అదీ చిటికెనవేలు పట్టనంత బొక్కలోంచి, చెరొక కంటితో. ఆ కన్ను ముసలిదైపోయింది, అనిపించింది పెద్దల్లుడికి, కింద సంచి కట్టింది, నిద్ర లేదా ఈ మనిషికి? కన్ను ఏదో చెప్పబోయింది. కళ్ళకు నోరుండదు కదా, రెప్ప కొట్టి తప్పుకుంది. వేళ్ళు వచ్చాయి, మరల మీద నట్లు తిరిగాయి.

ఇంకా మిగిలింది కింది బోల్టు. చక్రాన్ని మోసే ఇనుప చెయ్యి పైకి బిగుసుకుని ఉంది, దాన్ని గునపంతో కిందికి తొక్కిపడితే తప్ప షాకబ్జరు కాలు దాని గూటిలో దిగదు, ఒక్కడి వల్ల కాదు, గునపం దూర్చి చిన్నల్లుడు సిద్ధంగా నిలబడ్డాడు. తొక్కమని ఎలా చెప్పాలి? తొక్కితే బాగుండు అంటే సరిపోదు, ఎప్పుడు తొక్కాలో, ఎప్పుడు ఆపాలో చెప్పకపోతే వేళ్ళు పోతాయి. పెద్దల్లుడు దగ్గాడు. గునపం దిగింది. రెండుసార్లు దగ్గాడు. గునపం లేచింది. ఓహో, భలే. ఒక దగ్గుకు తొక్కు, రెండు దగ్గులకు ఆపు, ఇంకొంచెం కావాలంటే గొంతు సవరింపు. ఇనుప చెయ్యి దిగడం లేదు, ఎంత తొక్కినా ఇంకా రెండంగుళాలు వెలితి, ఇంత బిగువేమిటి, కాగితంలో ఇంత కష్టమని రాయలేదే. దగ్గు. సవరింపు. దగ్గు. పైన ఆయన మూలుగుతూ గునపం మీద ఎక్కి నిలబడ్డట్టున్నాడు, చెప్పులు గాల్లో వేలాడుతున్నాయి, ఎర్రదారం కళ్ళ ముందే ఊగుతోంది, అప్పుడు నూనె ఆవిరికో దుమ్ముకో పెద్దల్లుడికి నిజంగానే దగ్గు వచ్చింది. ఆపుకోలేనంత దగ్గు. గునపం లేచింది, దిగింది, లేచింది, దిగింది, ఆ మనిషి ఒక్కో దగ్గూ లెక్కపెట్టుకుంటూ పిచ్చివాడిలా ఎగురుతున్నాడు, వేలికీ ఇనుముకూ మధ్య గోరంత సందు.

"అన్నయ్యా, ఆపు!" అన్నాడు పెద్దల్లుడు.

గునపం ఆగింది. ట్రక్కు లోపల ఎక్కడో నీళ్ళు చుక్కచుక్కగా పడుతున్నాయి. నోరు జారింది, ప్రాణం మీదికి వస్తే ఎవరైనా అమ్మా అంటారు, దేవుడా అంటారు, తన నోటికి ఇదే వచ్చిందా? పాదాలు కదల్లేదు. సరే, విననట్టు ఊరుకున్నాడన్నమాట, ఊరుకోనీ, పిలిచిందీ తనే, పరువు పోయిందీ తనదే. గునపం మెల్లగా, ఎంతో మెల్లగా, గాజుసామాను దించినట్టు దిగింది, కాలు గూటిలో కూర్చుంది, బోల్టు దూరింది.

చక్రం ఎక్కించాడు. జాకీ ఒక్కటే, అవతలి వైపు పని పట్టాలంటే ఇవతల దించాల్సిందే. స్టాండు తీసి, పిడి తిప్పితే జాకీ ఉస్సుమంటూ దిగింది, ట్రక్కు నేల మీదికి వచ్చింది. రావలసినంత రాలేదు. పెద్దల్లుడు కిందినుంచి పాక్కుంటూ బయటికి వచ్చి, నడుం పట్టుకుని నిలబడి, నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. ట్రక్కు ఎడమ భుజం ఎగరేసి నిలబడింది. కుడివైపు ముక్కు ఎప్పటిలాగే నేలను వాసన చూస్తోంది, ఎడమవైపేమో చెవి పట్టుకుని ఎవరో పైకి గుంజినట్టు నాలుగంగుళాలు లేచింది, బంపరు ఈ చివరినుంచి ఆ చివరికి జారుడుబల్ల అయింది. దీన్ని చూడడానికి రసమట్టం అక్కర్లేదు, గుడ్డివాడు తడిమి చెబుతాడు. డబ్బా దగ్గరికి వెళ్ళాడు. డబ్బా ఖాళీ. ఇంకో డబ్బా, ఖాళీ. అట్టలు విప్పి దులిపాడు, ఒక చిన్న సంచీ పడింది, తేమ పీల్చుకునే గుళికలట.

"రెండే ఉన్నాయి," అన్నాడు పెద్దల్లుడు, డబ్బాతో.

"రెండే ఉంటాయి," అన్నాడు చిన్నల్లుడు, కాగితంతో. "బిళ్ళ చక్రానికి దూరంగా పడుతుంది కాబట్టి అక్కడ అంగుళం లేపితే ఇక్కడ ముక్కు రెండు లేస్తుందట. మూడో పుటలో ఉంది. అందుకే పక్షమునకు ఒకటి."

"పక్షమంటే పదిహేను రోజులు కదా?"

"పక్షమంటే వైపు. ఎడమ పక్షం, కుడి పక్షం."

పెద్దల్లుడు నేల మీద కూర్చున్నాడు. "తెలిసీ ఊరుకున్నావా?"

"మూడుసార్లు చదివాను."

"గోడకు చదివావు."

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు, అవి శుభ్రంగానే ఉన్నాయి, అయినా తుడిచాడు. "విడమరిచి చెప్పాలంటే పిలవాలి కదా," అన్నాడు. "పిలిచి తప్పు చెబితే ఏమవుతుందో ఒకసారి చూశాను."

పెద్దల్లుడు ఖాళీ డబ్బాను పక్కకు నెట్టాడు. ఆ అలమర నిజంగానే వాలింది, నాకు ముందే తెలుసు, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, ఇప్పుడు అంటే అయిపోతుంది, ఇంత చిన్న మాట, అంటే ఏం పోతుంది, అనేలోపు బయట గేటు కిర్రుమంది. నాలుగైందా అప్పుడే? అక్కాచెల్లెళ్ళ మాటలు, చెప్పుల చప్పుడు, గుడ్డల మూటలు గోడకు రాసుకుంటున్న చప్పుడు. అయిపోయింది. కలిసి చేయలేకపోతే ఎవరి గుమ్మం వాళ్ళది అన్న మనిషి గుమ్మంలోకి వచ్చేసింది, ఎదురుగా ట్రక్కు, భుజం ఎగరేసి, మీ ఆయన పనితనం చూడమ్మా అన్నట్టు. ఇప్పుడు ఈయన ఒక్క మాటంటే చాలు, నేను మూడుసార్లు చదివాను వదినా అంటే చాలు, అది అబద్ధం కూడా కాదు, ఎర్రసిరా పెన్ను జేబులోనే ఉంది, కాగితం చేతిలోనే ఉంది, తప్పు ఇంత స్పష్టంగా, ఇంత ఎత్తుగా, నాలుగంగుళాల ఎత్తున నిలబడి ఉంటే చూపించకుండా ఉండగలడా, పుట్టి బుద్ధెరిగాక ఒక్క తప్పునైనా వదిలిన మనిషేనా? చూపించనీ. ఈసారి కోపం తెచ్చుకోకూడదు. తెచ్చుకోను. నాదే తప్పని నేనే అంటాను, ముందు నేనే అంటాను.

భార్య మూట దించలేదు. ట్రక్కును ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసింది, మెడ పక్కకు వంచి చూసింది, అప్పుడు ట్రక్కు సరిగ్గా కనబడి ఆమే వంకరైనట్టుంది. వెనక చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎవరి నిర్వాకం ఇది?" అంది భార్య.

పెద్దల్లుడు నోరు తెరిచాడు. కానీ పక్కనుంచి గొంతు ముందే లేచింది.

"మేం చేశాం వదినా," అన్నాడు చిన్నల్లుడు. "ఇంకా అవలేదు. అయ్యాక చూడండి."

చేతిలోని కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. పెద్దల్లుడు ఆయన వంక చూడలేదు, చూస్తే మొహం ఏమవుతుందో తెలియదు. మేం అన్నాడు. మనం అంటే ఎదుటివాళ్ళూ వచ్చి చేరతారు, మేం అంటే వాళ్ళు అవతల, తామిద్దరే ఇవతల, తలుపు దగ్గరికి వేసుకున్నట్టు.

"మేమా?" అంది భార్య, ఒకరి మొహం నుంచి ఒకరి మొహానికి చూస్తూ. "మేమంటే ఎవరు?"

"మేమంటే మేమే!" అన్నారు ఇద్దరూ ఒకేసారి, కాస్త కోపంగానే, ఇంత తేలిక మాట అర్థం కాకపోతే ఎలా అన్నట్టు, అని, ఇద్దరూ ఒకేసారి జాకీ కోసం వంగారు.